శంషాబాద్ నుంచి డల్లాస్ దాకా: రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంత దూరమని వెతికితే ఒకచోట 14,400 కి.మీ. అని, ఇంకోచోట 15,600 కి.మీ. అని కనిపిస్తుంది. సమయం అడిగితే 17 గంటలని ఒకరు, 23 గంటలని ఇంకొకరు చెబుతారు. టికెట్ మీద చూస్తే తెల్లవారుజామున బయల్దేరి అదే రోజు సాయంత్రం దిగుతున్నట్టు ఉంటుంది, అంటే పన్నెండు గంటలు కూడా పట్టనట్టు. ఇవి ఒకదానికొకటి విరుద్ధం కావు. మొదటిది భూమి మీద రెండు బిందువుల మధ్య దూరం, రెండోది మజిలీతో కలిపి విమానాలు ఎగిరే దూరం. 17 గంటలు ఆగకుండా ఎగిరితే పట్టే సమయం, 23 గంటలు దోహాలోనో దుబాయ్‌లోనో ఆగి వెళ్తే పట్టే సమయం. ఈ అంకెలన్నిటినీ ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోవచ్చు. పదో తరగతి త్రికోణమితి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు సరైన విమానాశ్రయాన్ని పట్టుకోండి

లెక్క తప్పడానికి మొదటి కారణం సూత్రం కాదు, ఊరి పేరు. హైదరాబాద్ అనే ఊరు పాకిస్థాన్‌లోని సింధ్‌లోనూ ఉంది, దానికీ విమానాశ్రయం ఉంది. దాని కోడ్ హెచ్‌డీడీ, మనది హెచ్‌వైడీ. కొన్ని పాత జాబితాల్లో బేగంపేట కూడా దొరుకుతుంది, దాని కోడ్ బీపీఎం. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పటి నుంచి ప్రయాణికుల విమానాలు అక్కడి నుంచే నడుస్తున్నాయి కాబట్టి బేగంపేటని పక్కన పెట్టండి. అవతలి వైపూ ఇదే జాగ్రత్త కావాలి. డల్లాస్‌కి పెద్ద విమానాశ్రయం డీఎఫ్‌డబ్ల్యూ, ఊళ్లోనే లవ్ ఫీల్డ్ అని ఇంకొకటి ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే కోడ్ ఎస్‌జేసీ. ఎస్‌జేఓ అని కొడితే మధ్య అమెరికాలోని కోస్టారికా వస్తుంది. ఊరి పేరుతో కాకుండా మూడక్షరాల కోడ్‌తో వెతకడం అలవాటు చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

తర్వాత రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. ఈ వ్యాసంలో వాడేవి ఇవి:

శంషాబాద్: 17.2403 ఉత్తరం, 78.4294 తూర్పు
లండన్ హీత్రూ: 51.4706 ఉత్తరం, 0.4619 పడమర
దుబాయ్: 25.2528 ఉత్తరం, 55.3644 తూర్పు
డల్లాస్ డీఎఫ్‌డబ్ల్యూ: 32.8968 ఉత్తరం, 97.0380 పడమర

ఇక్కడే రెండు తప్పులు దొర్లుతాయి. కొన్నిచోట్ల ఇవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. శంషాబాద్ 17°14′25″ అని ఉంటే దాన్ని 17.1425 అని రాయకూడదు. 14ని 60తో, 25ని 3600తో భాగించి 17కి కలపాలి, అప్పుడు 17.2403 వస్తుంది. 17.1425 అని రాస్తే మీ విమానాశ్రయం దాదాపు 11 కి.మీ. దక్షిణానికి జరిగిపోతుంది. డల్లాస్ లెక్కలో అది పెద్ద తేడా కాదు, కానీ పద్ధతి తప్పు.

రెండోది మైనస్ గుర్తు, ఇది అసలు ప్రమాదం. పడమర రేఖాంశాలకి, భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న అక్షాంశాలకి మైనస్ పెట్టాలి. డల్లాస్ రేఖాంశానికి మైనస్ మరిచిపోయి 97.0380 అని వేస్తే ఆ బిందువు చైనాలో, టిబెట్ పీఠభూమి మీద పడుతుంది. అప్పుడు దూరం సుమారు 2,550 కి.మీ. వస్తుంది, అంటే దాదాపు దుబాయ్ అంత. అంకె చూడటానికి మామూలుగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. అలాస్కా తప్ప అమెరికాలో ఏ ఊరికైనా హైదరాబాద్ నుంచి 12,000 కి.మీ. లోపు వస్తే వెంటనే గుర్తు సరిచూసుకోండి.

దూరం లెక్క: లండన్ ఉదాహరణ

గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ఆ గోళం కేంద్రం గుండా కోసిన వృత్తం మీద ఉంటుంది. దాన్ని మహావృత్తం అంటారు. మనకి కావలసింది ఆ వృత్తం మీద రెండు ఊళ్ల మధ్య కోణం. అది తెలిస్తే దూరం తెలిసినట్టే.

సూత్రం ఇది:

కాస్(కోణం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కాస్(అక్షాంశం 1) × కాస్(అక్షాంశం 2) × కాస్(రేఖాంశాల తేడా)

మొదలుపెట్టే ముందు క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. సైన్ 17.2403 నొక్కితే 0.2964 రావాలి. −0.9993 వస్తే అది రేడియన్లలో ఉన్నట్టు. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ వేస్తే కోణాలన్నీ రేడియన్లలోనే తీసుకుంటాయి. అందుకని ప్రతి అక్షాంశ రేఖాంశాన్నీ ముందు రేడియన్స్ అనే ఫంక్షన్‌లో పెట్టి తర్వాతే సైన్, కాస్ తీయాలి.

ఇక లెక్క. రేఖాంశాల తేడా 78.4294 − (−0.4619) = 78.8913. దాని కాస్ 0.1927.

మొదటి ముక్క: 0.2964 × 0.7823 = 0.2319
రెండో ముక్క: 0.9551 × 0.6229 × 0.1927 = 0.1146
మొత్తం: 0.3465

ఈ 0.3465కి విలోమ కాస్ (క్యాలిక్యులేటర్‌లో cos⁻¹) తీస్తే 69.73 డిగ్రీలు వస్తుంది. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ. అనుకుంటే ఒక డిగ్రీకి 111.195 కి.మీ. గుణిస్తే సుమారు 7,754 కి.మీ. శంషాబాద్ నుంచి హీత్రూకి దగ్గరి దారి అంత. నాటికల్ మైళ్లు కావాలంటే ఇంకా తేలిక, డిగ్రీలని 60తో గుణిస్తే చాలు: 4,184. కిలోమీటర్ల నుంచి వెళ్లాలంటే 1.852తో భాగించండి. మామూలు మైళ్లకి 1.609తో భాగించాలి. ఈ రెండు మైళ్లనీ కలిపేసుకుంటే 15 శాతం తేడా వస్తుంది, కాబట్టి వెబ్‌సైట్‌లో అంకె పక్కన ఏ మైలు అని రాసి ఉందో చదవాలి.

డల్లాస్‌కి ఇదే లెక్క వేస్తే రేఖాంశాల తేడా 175.4674, మొత్తం −0.6384, కోణం సుమారు 129.7 డిగ్రీలు, దూరం 14,400 కి.మీ. పైచిలుకు. దుబాయ్‌కి 22.9 డిగ్రీలు, సుమారు 2,546 కి.మీ. శాన్ ఫ్రాన్సిస్కో లాంటి ఊరికి రేఖాంశాల తేడా 200 దాటుతుంది. 180 దాటితే 360లోంచి తీసేయండి, 159.2 అవుతుంది. సూత్రానికి ఈ పని అవసరం లేదు గానీ మనకి ఒక సంగతి తెలుస్తుంది: ఆ ఊరికి తూర్పు వైపు నుంచి వెళ్లడమే దగ్గర. దుబాయ్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కోకి సుమారు 15,600 కి.మీ. అయితే హాంకాంగ్ మీదుగా సుమారు 14,900 కి.మీ.

భూమి అచ్చమైన గోళం కాదు కదా అని అడగవచ్చు. నిజమే. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357 కి.మీ. మన లెక్కలో దీనివల్ల వచ్చే తేడా అర శాతం లోపే. హైదరాబాద్–ఢిల్లీ లాంటి ఉత్తర దక్షిణ దారిలో అది బాగా కనిపిస్తుంది. గోళం లెక్కలో 1,267 కి.మీ. వస్తే, అసలు ఆకారంతో లెక్కిస్తే 1,262 వస్తుంది. ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి ఈ ఐదు కిలోమీటర్లు పట్టించుకోనక్కరలేదు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ లాంటి వెబ్‌సైట్‌లో కోడ్‌లు కొట్టి సరిచూసుకోండి. మీ అంకెకి, దాని అంకెకి ఒక శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే తప్పు అక్షాంశ రేఖాంశాల్లో ఉందన్నమాట.

గోడ మీద మ్యాపుని నమ్మవద్దు

స్కూల్లో చూసిన ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. నిజమైన దగ్గరి దారి అది కాదు. శంషాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి బయల్దేరి, కాశ్మీర్, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కి.మీ. దూరంలోంచి పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మీద దారం బిగించి పట్టుకోండి, దారం అటే పోతుంది. దారం జారకుండా బిగువుగా ఉన్నప్పుడు కనిపించేదే మహావృత్తం.

గీసిన గీత వేరు, ఎగిరే దారి వేరు

లండన్ లెక్కలో వచ్చిన 7,754 కి.మీ. గీతని మ్యాపు మీద వెంబడిస్తే పాకిస్థాన్, అఫ్గానిస్థాన్, ఈశాన్య ఇరాన్, కాస్పియన్ సముద్రం, బాకు, దక్షిణ రష్యా, ఉక్రెయిన్ వస్తాయి. 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ ఆకాశంలో ప్రయాణికుల విమానాలు లేవు. రష్యా అదే ఏడాది బ్రిటన్, యూరప్ సంస్థలకి తన ఆకాశాన్ని మూసేసింది. కాబట్టి ఈ దగ్గరి దారిలో నేడు లండన్ విమానం వెళ్లే వీలు లేదు, టర్కీ వైపు దక్షిణానికి ఒరిగి వెళ్లాలి. భారత విమానాలకి ఇంకో చిక్కు ఉంది: 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ వాటికి గగనతలం మూసేసింది. 2019లోనూ కొన్ని నెలలు ఇలాగే జరిగింది. ఆంక్ష విమానం ఏ దేశానిదన్న దాన్ని బట్టి ఉంటుంది గనక, ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి రెండు సంస్థల విమానాలకి సమయం వేరుగా ఉండవచ్చు. టికెట్ కొనేటప్పుడు ఇది చూసుకోవలసిన విషయం.

గీత దూరానికి ఎంత కలపాలి? పర్యావరణ లెక్కల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక పద్ధతి పెట్టింది: 550 కి.మీ. లోపు దారికి 50, 5,500 లోపుకి 100, ఆ పైన 125 కి.మీ. కలపాలని. అది ఉద్గారాల అంచనాకి సరిపోతుంది గానీ గగనతలాలు మూసుకుపోయిన రోజుల్లో సమయం అంచనాకి చాలదు. గల్ఫ్ దేశాలకి 3 శాతం, యూరప్, అమెరికాలకి 4 శాతం కలుపుకోండి. చుట్టుదారి తప్పదని తెలిస్తే 6 శాతం దాకా వెళ్లవచ్చు.

మజిలీ ఉంటే రెండు ముక్కలు విడిగా లెక్కించి కూడాలి. హైదరాబాద్–దుబాయ్ 2,546, దుబాయ్–డల్లాస్ సుమారు 12,900, మొత్తం 15,450 దాకా. దోహా మీదుగా అయితే 15,650. నేరు గీత కంటే వెయ్యి పన్నెండొందల కిలోమీటర్లు ఎక్కువ. అంటే గంటన్నర మాత్రమే. అసలు సమయం పోయేది మజిలీలో కూర్చోవడంలో.

సమయం లెక్క

విమానం వేగం అందరూ 900 అనుకుంటారు. పైన 36,000 అడుగుల ఎత్తులో ధ్వని వేగం గంటకి సుమారు 1,062 కి.మీ. బోయింగ్ 777 మాక్ 0.84లో (అంటే ధ్వని వేగంలో 0.84 వంతు), 787 మాక్ 0.85లో, ఎయిర్‌బస్ ఏ320 మాక్ 0.78లో ఎగురుతాయి. అంటే పెద్ద విమానాలు గంటకి 890 నుంచి 900, చిన్నవి 830. ఇది గాలితో పోల్చిన వేగం. నేల మీద మనం ఎంత దూరం వెళ్లామన్నది ఆ గాలి ఎటు వీస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఉత్తర భారతం మీద, పశ్చిమాసియా మీద చలికాలంలో జెట్ స్ట్రీమ్ అనే వేగమైన పైగాలి పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. అందుకే దుబాయ్ వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు. వానాకాలంలో దక్షిణ భారతం మీద పైగాలి దిశ మారి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. అప్పుడు గల్ఫ్ విమానాలకి రానూ పోనూ తేడా తగ్గుతుంది. భూమి తిరుగుడు వల్ల ఈ తేడా వస్తుందని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. భూమితో పాటు గాలి, విమానం అన్నీ తిరుగుతూనే ఉంటాయి. తేడా తెచ్చేది పైగాలి.

దీన్నంతా ఒక అంచనాలో పెట్టాలంటే ఈ వేగాలు వాడండి. పెద్ద విమానంలో పడమరకి 850, తూర్పుకి 930. ఏ320 లాంటి దాంట్లో పడమరకి 780, తూర్పుకి 860. సవరించిన దూరాన్ని ఈ వేగంతో భాగించి అరగంట కలపండి. ఆ అరగంట గేటు దగ్గర వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా పాకడం, నెమ్మదిగా పైకెక్కడం, దిగడం, మళ్లీ గేటు దాకా రావడం, వీటన్నిటికీ.

లండన్‌కి: 7,754కి 4 శాతం కలిపితే 8,064. దాన్ని 850తో భాగిస్తే 9.49, అరగంట కలిపితే దాదాపు 10 గంటలు. తిరుగు ప్రయాణం 930తో భాగిస్తే 9 గంటల 10 నిమిషాలు. దుబాయ్‌కి ఏ320లో: 2,622ని 780తో భాగిస్తే 3.36, అరగంట కలిపి 3 గంటల 50 నిమిషాలు, తిరుగు ప్రయాణం మూడున్నర గంటలు. దుబాయ్ నుంచి డల్లాస్‌కి సుమారు 16 గంటల 20 నిమిషాలు.

హీత్రూలో పొద్దున రద్దీ వేళ దిగే ముందు గాలిలో చక్కర్లు కొట్టవలసి వస్తుంది, దానికి ఇంకో పది పదిహేను నిమిషాలు. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. గాలిని బట్టి పడమర వైపు లేస్తే దుబాయ్ విమానం నేరుగా సాగిపోతుంది, తూర్పు వైపు లేస్తే వెనక్కి తిరగాలి, కొన్ని నిమిషాలు అక్కడ పోతాయి. మీ అంచనా సరిచూసుకోవాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో ఆ విమానం నంబరు కొట్టి గత వారం రోజుల అసలు సమయాలు చూడండి. టైమ్‌టేబుల్‌లో సంస్థలు కాస్త ఎక్కువ సమయం రాసుకుంటాయి, ఆలస్యం కాకుండా చేరినట్టు ఉండాలని. కాబట్టి అసలు సమయం టైమ్‌టేబుల్ కంటే పది ఇరవై నిమిషాలు తక్కువ ఉంటే ఆశ్చర్యపోకండి.

టికెట్ మీద గడియారాలు

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. వ్యవధి తెలియాలంటే రెండిటినీ ఒకే గడియారంలోకి తేవాలి. మన సమయం అంతర్జాతీయ సమయానికి ఐదున్నర గంటలు ముందు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాది పొడవునా అంతే. లండన్ చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక, మారేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. డల్లాస్ చలికాలంలో పదకొండున్నర, వేసవిలో పదిన్నర. అక్కడ మారేది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. మార్చిలో రెండు మూడు వారాలు, నవంబరు ముందు ఒక వారం అమెరికా ఒక గడియారంలో, యూరప్ ఇంకో గడియారంలో ఉంటాయి. ఆ రోజుల్లో లండన్‌లో మారి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి.

ఉదాహరణకి జనవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో బయల్దేరి, దుబాయ్‌లో మూడు గంటలు ఆగి, అదే సోమవారం సాయంత్రం 4:00కి డల్లాస్‌లో దిగుతున్నట్టు టికెట్ ఉందనుకుందాం. పైకి కనిపించేది 11 గంటల 40 నిమిషాలు. దానికి పదకొండున్నర కలిపితే 23 గంటల 10 నిమిషాలు. ముక్కలుగా చూసినా అంతే: 3:50, 3:00, 16:20. మన వైపు తిరిగి వచ్చేటప్పుడు ఇదే తేడాని తీసేయాలి, కలపకూడదు.

అర్ధరాత్రి దాటాక ఉండే విమానాల విషయంలో తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. 15వ తేదీ 00:45 అని ఉంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి కాబట్టి 14న రాత్రి 9:45కే శంషాబాద్‌లో ఉండాలి. మియాపూర్, కూకట్‌పల్లి వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చినా, మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అయితే మామూలు కంటే గంట ఎక్కువ పెట్టుకోండి. పుష్పక్ బస్సు ఎక్కేవాళ్లు కూడా ఆ గంట వదులుకోకూడదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి ఈ లెక్క కాగితం మీద రాసి ఇవ్వండి. బీపీ, షుగర్ మందులు గడియారం చూసి వేసుకుంటే తప్పు జరుగుతుంది, ఎందుకంటే 23 గంటల ప్రయాణంలో వాళ్ల చేతి గడియారం రెండుసార్లు వెనక్కి తిరుగుతుంది. ఇల్లు వదిలిన క్షణం నుంచి ఎన్ని గంటలైంది అన్నదే పట్టించుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్ల విషయంలో మజిలీ సమయాలతో సహా ఆ కాగితాన్ని ముందే డాక్టరుకి చూపించి, ఎన్ని గంటల తర్వాత ఏ మోతాదు అని ఆయన చేతే రాయించుకోండి. వాళ్ల పాత చేతి గడియారాన్ని ప్రయాణమంతా మన సమయంలోనే ఉంచి, స్థానిక సమయం ఫోన్‌లో చూసుకోమని చెప్పండి. ఆ కాగితం, మందులు చెక్ ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టండి.